కోతలకి ముందు హాపర్ బండి ఎక్కుతున్నవాళ్ల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే పని గురించి. అమెరికా మిడ్‌వెస్ట్‌లో ధాన్యం తోలడం, అదీ హాపర్ బాటమ్ ట్రైలర్‌తో. సెప్టెంబర్ దగ్గరపడింది. మొక్కజొన్న, సోయా కోతలు మొదలైతే ఎలివేటర్ల ముందు బండ్లు బారులు తీరతాయి, రాసినవాళ్లలో చాలామంది ఈ సీజన్‌లోనే మొదటిసారి ఆ వరసలో నిలబడబోతున్నారు. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం వాళ్లకే.

ఈ బండి ఎప్పుడూ చూడనివాళ్ల కోసం ఒక్క మాట. ట్రైలర్ అడుగున రెండు పెద్ద గరాటుల్లాంటి తొట్లు ఉంటాయి, ఒక్కోదాని మూతికి జారే తలుపు ఉంటుంది, దాన్నే ట్రాప్ అంటారు. పైన ఒక పక్కకి చుట్టుకునే టార్ప్, అంటే టార్పాలిన్ కప్పు. టిప్పర్‌లాగా ఎత్తి ఒంపక్కర్లేదు, కింద పిట్ అనే గుంత మీద బండి ఆపి చేత్తో క్రాంక్ తిప్పితే తలుపు జరిగి గింజ దానంతటదే జారిపోతుంది. ఎలివేటర్ అంటే ధాన్యం కొని నిల్వచేసే పెద్ద గోదాము, బిన్ అంటే రైతు దగ్గరుండే గుండ్రటి ఇనుప గాదె. ఇక ప్రశ్నల్లోకి.

రెండేళ్లు డ్రై వాన్ (పెట్టెలా మూసి ఉండే ట్రైలర్) నడిపాను, ఇప్పుడు హాపర్‌కి మారుతున్నాను. రోడ్డు మీద కొత్తగా నేర్చుకోవాల్సింది ఏముంది? (ఇల్లినాయి నుంచి ఒక పాఠకుడు)

హైవే మీద రెండే విషయాలు. నిండు బండి బరువంతా పైకి ఉంటుంది కాబట్టి ర్యాంపు దగ్గర బోర్డు మీద రాసిన స్పీడుకి కూడా తగ్గించి తిప్పండి, ఆ అంకె మీ లోడుని చూసి రాసింది కాదు. ఖాళీ బండి గాలికి తేలిపోతుంది, వయోమింగ్‌లో ఐ-80 హైవే మీద ఎల్క్ మౌంటెన్ చుట్టుపక్కల ఈదురుగాలి వచ్చినప్పుడు ఎత్తుగా, తేలిగ్గా ఉన్న బండ్లని అసలు వదలరు. వదిలినా ఆగడమే మంచిది.

మీరు నేర్చుకోవాల్సిన అసలు పని హైవే దిగాక మొదలవుతుంది. డ్రై వాన్‌లో డాక్‌కి ఆనించి మీరు క్యాబ్‌లో కూర్చుంటే ఎవరో దించుకుంటారు. ఇక్కడ ఎక్కించుకునేదీ మీరే, కప్పేదీ మీరే, కాటా మీద పెట్టేదీ మీరే, దించేదీ మీరే. కొత్తవాళ్లకి ప్రాణం మీదికి వచ్చేదీ, డబ్బు పోయేదీ దాదాపు ఎప్పుడూ బండి ఆగి ఉన్నప్పుడో, గంటకి ఐదు మైళ్ల వేగంతో మెల్లగా కదులుతున్నప్పుడో. గ్రావెల్ రోడ్డు అంచు వాన పడ్డాక మెత్తగా ఉంటుంది, 80,000 పౌండ్ల బండి కుడి చక్రం అక్కడ దిగబడితే బండి పక్కకి ఒరిగిపోతుంది. కౌంటీ రోడ్ల మీద పాత వంతెనలకి బరువు బోర్డులు ఉంటాయి, జీపీఎస్ వాటిని చూపించకపోవచ్చు. ఇంకొకటి, తొట్ల మూతులు నేలకి బాగా దగ్గరగా వేలాడుతుంటాయి. గట్టులా లేచిన రైల్వే క్రాసింగ్ మీద అవి పట్టుకుంటే బండి పట్టాల మీదే ఆగిపోతుంది. కొత్త క్రాసింగ్, కొత్త చేను దారి, కొత్త పిట్ ఏదైనా సరే, ఆపి దిగి వంగి చూసి అప్పుడు పోనివ్వండి. వెనక ఎవరు హారన్ కొట్టినా సరే.

అన్నా, మొదటి వారంలోనే ట్రాప్ సరిగ్గా పడక మొక్కజొన్న అంతా రోడ్డు పొడుగునా కారిపోయింది. ఉద్యోగం పోలేదుగానీ సిగ్గుతో చచ్చిపోయాను. ఇది నాకే జరిగిందా? (నెబ్రాస్కా నుంచి)

లేదు తమ్ముడూ, నాకూ జరిగింది. మొదటి సీజన్, రాత్రి పదిన్నర, ఇథనాల్ ప్లాంట్‌లో దించి ఖాళీగా ఒక రైతు బిన్ దగ్గరికి వచ్చాను. వెనక ట్రాప్ నాలుగు వేళ్లంత తెరుచుకునే ఉంది. ఆగర్, అంటే గొట్టంలోంచి గింజని ఎత్తి పోసే మర, వేశారు, ఇంజన్ చప్పుడులో ఇంకేమీ వినపడలేదు. కాసేపటికి ఆ చప్పుడు వెనక నుంచి గ్రావెల్ మీద చినుకులు పడుతున్నట్టు ఏదో సన్నగా వినిపించింది, వాన ఏమో అని పైకి చూశాను, ఆకాశం నిండా చుక్కలున్నాయి. వంగి చూస్తే ట్రైలర్ కింద మోకాలెత్తు పసుపు కుప్ప. ఆ పెద్దాయన ఒక్క మాట అనకుండా నాకో పార ఇచ్చి తనో పార తీసుకున్నాడు. ఇద్దరం రెండు గంటలు ఎత్తాం.

అప్పటినుంచి నాకున్న అలవాటు చెప్తాను, నీకు నచ్చితే పెట్టుకో. పిట్ మీద ట్రాప్ మూసిన వెంటనే వంగి టార్చి వేసి చూస్తాను. మళ్లీ లోడింగ్ దగ్గర ఆగాక, గింజ పడకముందు రెండు ట్రాప్‌లూ ఇంకోసారి చూస్తాను. క్రాంక్ బిగుసుకుంది కదా మూసుకుపోయింది అనుకోవడమే తప్పు. తలుపు అంచులో నాలుగు గింజలు ఇరుక్కున్నా క్రాంక్ ఆగిపోతుంది, చేతికి మూసుకున్నట్టే అనిపిస్తుంది. అప్పుడు కొంచెం తెరిచి చీపురుతో అంచు ఊడ్చి మళ్లీ మూయాలి. గొళ్లెం వేసి, క్రాంక్ తీసి దాని స్థానంలో పెట్టాలి, అలాగే వదిలేసి బండి కదిపితే వంగిపోతుంది.

తెరిచేటప్పుడు కూడా ఒక పద్ధతి ఉంది. పిట్ దగ్గరి మనిషి చెయ్యి ఊపేదాకా క్రాంక్ ముట్టుకోవద్దు. మామూలుగా ముందు తొట్టి ఖాళీ చేసి, దాని ట్రాప్ మూసి, బండి జరిపి వెనకది తెరుస్తారు. కొత్తలో తొందరపడి ఒక్కసారే పూర్తిగా తెరిచేస్తారు. పిట్ కింది బెల్టు లాగే వేగం కంటే గింజ వేగంగా పడితే కుప్ప పైకి లేచి తొట్టి మూతిని కప్పేస్తుంది, ఇక తలుపు మూయలేవు, బండి కదపలేవు, వెనక ఇరవై బండ్లు ఆగిపోతాయి. బెత్తెడు తెరువు, కుప్ప చూడు, తగ్గుతుంటే ఇంకొంచెం తెరువు. నీ వరస వచ్చినప్పుడు ఆ పది నిమిషాలు నీవే, వెనకవాళ్ల మొహాలు చూడొద్దు.

బరువు ఎంత వేయాలో అంచనా దొరకడం లేదు. రైతేమో ఇంకో వంద బుషెళ్లు పడుతుంది అంటాడు. (అయోవా)

ఫెడరల్ హద్దు మొత్తం 80,000 పౌండ్లు. ట్రాక్టర్ (ట్రైలర్‌ని లాగే ముందు బండి) వెనక జంట ఇరుసుల మీద 34,000, ట్రైలర్ జంట ఇరుసుల మీద 34,000, ముందు ఇరుసు మీద మామూలుగా 12,000 దాకా. మీ బండి ఖాళీగా 27,000 ఉందనుకోండి, మిగిలింది 53,000. బుషెల్ అంటే ఇక్కడ ధాన్యం కొలిచే కొలత. మొక్కజొన్న బుషెల్ లెక్క 56 పౌండ్లు, అంటే దాదాపు 945 బుషెళ్లు. సోయా, గోధుమ 60 పౌండ్లు, అంటే 880 చిల్లర. ఇక్కడే కొత్తవాళ్లు దెబ్బతింటారు. మొక్కజొన్నకి అలవాటైన కన్నుతో సోయాని అదే ఎత్తుకి పోసుకుంటే 3,500 పౌండ్ల పైనే ఎక్కువ అవుతుంది. ఓట్స్ బుషెల్‌కి 32 పౌండ్లే కాబట్టి ట్రైలర్ నిండిపోతుందిగానీ బరువు రాదు.

మొత్తం సరిపోయినా ఇరుసుల మీద పంపకం తప్పొచ్చు. హాపర్ ట్రైలర్లలో వెనక చక్రాలు సాధారణంగా జరపలేం, డ్రై వాన్‌లోలాగా పిన్ను లాగి సర్దుకునే వీలుండదు. కాబట్టి గింజ ఎక్కడ పోశారన్నదే పంపకం. ముందు తొట్టిలో ఎక్కువ పోస్తే ట్రాక్టర్ మీదికి, వెనక పోస్తే ట్రైలర్ చక్రాల మీదికి. అందుకే ఆగర్ కిందో, గ్రెయిన్ కార్ట్ (చేలోంచి గింజ తెచ్చి పోసే బండి) పక్కనో ఉన్నప్పుడు ఫోన్ చూసుకుంటూ కూర్చోకుండా కుప్ప చూస్తూ బండి ముందుకీ వెనక్కీ జరపాలి.

చేలో కాటా ఉండదు కదా అంటారు. మీ బండికి ఎయిర్ సస్పెన్షన్ ఉంటే బరువు తెలిసేలా దాని గాలి ఒత్తిడి చూపే గేజ్ ఒకటి పెట్టించుకోండి. చదును నేల మీద, బ్రేకులు వదిలి, బండి సర్దుకున్నాక అంకె చూడాలి, వాలు మీద చూస్తే తప్పు చెప్తుంది. మొదటి పది లోడ్లకి ఆ అంకె ఒక పక్క, కాటా చీటీలోని బరువు ఒక పక్క నోట్‌బుక్‌లో రాసుకోండి. పదో లోడుకి మీ బండి సంగతి మీకు తెలిసిపోతుంది. వేరేవాళ్ల అంకెలు మీకు పనికిరావు, ఏ బండి లెక్క దానిదే.

రైతు అడగడంలో దురుద్దేశం ఉండదు, వాన ముంచుకొస్తుంటే ఆయన టెన్షన్ ఆయనది. కానీ రోడ్డు పక్క ఆఫీసర్ ఆపితే ముందుగా చూసేది స్టీరింగ్ వెనకున్న మనిషినే. కొన్ని రాష్ట్రాలు కోత కాలంలో సడలింపు ఇస్తాయి. అయోవాలో గవర్నర్ ఉత్తర్వు వచ్చినప్పుడు పర్మిట్ లేకుండా 90,000 దాకా వెళ్లనిస్తారు, అది కూడా ఇంటర్‌స్టేట్ రోడ్లకి వర్తించదు, ఒక్కో ఇరుసుకి 20,000 హద్దు, వంతెన బోర్డులు మామూలుగానే ఉంటాయి. మీ సీజన్‌కి ఉత్తర్వు వచ్చిందా, ఏం రాసుందో మీరే చదువుకోండి, వరసలో పక్క డ్రైవర్ చెప్పింది నమ్మి వెళ్లొద్దు.

ఎలివేటర్ దగ్గర తేమ ఎక్కువ అని డబ్బు కోశారు, రైతు నా మీద అరిచాడు. నేనేం చేయగలను? (మిన్నెసోటా)

తేమకి మీరు బాధ్యులు కాదు, కానీ కబురుకి బాధ్యులు. మొక్కజొన్నకి సాధారణంగా 15 శాతం, సోయాకి 13 శాతం దగ్గర గీత గీస్తారు, దాటితే ఆరబెట్టే ఖర్చు, తరుగు కింద కోస్తారు. తూకానికి వచ్చినప్పుడే ప్రోబ్, అంటే పొడుగాటి గొట్టం, పైనుంచి దించి నాలుగైదు చోట్ల గింజ లాగి తేమ, బుషెల్ బరువు, చెత్త, పాడైన గింజ చూస్తారు. (ప్రోబ్ పైకి లేచేదాకా బండి కదపొద్దు, అది విరిగితే చాలా ఖరీదు.) మొదటి లోడు అంకెలు రాగానే, పిట్ దాకా కూడా వెళ్లకముందే రైతుకి మెసేజ్ పెట్టండి. ఆ కబురు అరగంట ముందు అందితే ఆయన కంబైన్‌ని (కోత యంత్రాన్ని) ఇంకో చేనుకి మార్చుకోవచ్చు, లేదా మిగతా గింజ తన బిన్‌లో వేసి ఆరబెట్టుకోవచ్చు. నాలుగు లోడ్లు అయ్యాక సాయంత్రం చీటీలన్నీ కలిపి చేతిలో పెడితే అరవక ఏం చేస్తాడు?

చీటీ గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ నేర్పరు. కాటా కిటికీలో అడుగుతారు, ఎవరి ధాన్యం అని. మీరు చెప్పిన పేరు మీద డబ్బు పడుతుంది. ఒకే ఇంటిపేరుతో అన్నదమ్ములు ఇద్దరు వేరు వేరుగా సేద్యం చేస్తుంటారు, కొన్ని చేలు భూమి యజమానితో సగం సగం వాటా ఉంటాయి, ఒకే రైతుకి తూర్పు చేను ఒక వాటా, పడమటి చేను ఇంకో వాటా. కంబైన్ దగ్గర నుంచి కదిలేముందే ఏ పేరు, ఏ చేను, ఏ వాటా అని అడిగి అరచేతి మీదైనా రాసుకోండి. చీటీ చేతికి రాగానే కిటికీ దగ్గరే పేరు సరిచూసి ఫోటో తీయండి. ఒక కుటుంబం ఏడాది కష్టం ఆ చిన్న కాగితంలో ఉంటుంది, దాన్ని డాష్‌బోర్డ్ మీద గాలికి వదిలేయకండి.

డీడీజీ (ఇథనాల్ తీశాక మిగిలిన మొక్కజొన్న పిప్పి), సోయా మీల్ (నూనె తీశాక మిగిలిన సోయా పిండి) తోలేటప్పుడు సరుకు తొట్టిలో పట్టుకుని దిగడం లేదు. పైకెక్కి లోపలికి దిగి కర్రతో పొడవమని ఒక డ్రైవర్ చెప్పాడు. (సౌత్ డకోటా)

దిగకండి. ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదివితే ఇదే చదవండి.

ట్రాప్ తెరిచి ఉన్న తొట్టిలోకి గానీ, కదులుతున్న ధాన్యం మీదికి గానీ మనిషి వెళ్లకూడదు. పైన గట్టిగా పొరలా కనిపించేదాని కింద ఖాళీ ఉంటుంది, మీరు కాలు పెట్టిన క్షణం అది విరుగుతుంది. పారే గింజలో మోకాళ్ల దాకా కూరుకుపోతే కాలు మీరే పైకి లాగలేరు, నడుము దాకా వెళ్తే ఇద్దరు మనుషులు చేతులు పట్టి లాగినా రారు. మొత్తం మునిగిపోవడానికి అరనిమిషం కూడా పట్టదు. ఊపిరి వదిలిన ప్రతిసారీ గింజ ఛాతీ చుట్టూ ఇంకొంచెం బిగుస్తుంది, మళ్లీ పీల్చడానికి చోటుండదు. బిన్‌లలోనే కాదు, ధాన్యం బండ్లలో కూడా మనుషులు ఇలా పోయారు. పర్డ్యూ యూనివర్సిటీవాళ్లు ఇలాంటి ప్రమాదాల లెక్క ఎన్నో ఏళ్లుగా రాస్తున్నారు, ప్రతి ఏడాదీ అందులో పేర్లు చేరుతూనే ఉన్నాయి.

మరి సరుకు ఎలా దించాలి? డీడీజీ సంగతి ఇది. వేడిగా ఎక్కించుకుని, దూరం తోలి, రాత్రంతా నిలబెడితే గట్టిపడుతుంది. కాబట్టి చల్లారిన సరుకు అడగండి, ఎక్కించాక అదే రోజు దించేలా చూసుకోండి. దిగకపోతే కింద నిలబడి బయటి గోడ మీద రబ్బరు సుత్తితో వాలు ఉన్నచోట కొట్టండి. ఇనుప సుత్తి వద్దు, అల్యూమినియం సొట్టపోతుంది, తర్వాత ఆ సొట్ట దగ్గరే సరుకు పట్టుకుంటుంది. చాలా పిట్‌ల దగ్గర ట్రైలర్‌కి తగిలించే వైబ్రేటర్ ఉంటుంది, అడగండి. పొడుగు కర్రతో నేల మీద నిలబడి ట్రాప్ మూతి నుంచి పొడవచ్చు, తల మాత్రం మూతి కిందికి పెట్టకండి. ఇవేవీ పనిచేయకపోతే ఆఫీసుకి ఫోన్ చేసి ఆగండి. ఆలస్యమైందని ఎవరైనా కేకలేస్తే వేయనివ్వండి.

అన్నయ్యా, నేను ఈ మధ్యే సీడీఎల్ (భారీ బండ్ల లైసెన్స్) తీసుకున్నాను. బండి నడపడానికి భయం లేదు, టార్ప్ అంటేనే భయం. గాలి ఉన్నప్పుడు నా వల్ల కావడం లేదు. (కాన్సస్)

చెల్లెమ్మా, టార్ప్ దగ్గర బలం కంటే ఎటు నిలబడ్డామన్నదే ముఖ్యం. గాలి ఎటు నుంచి వస్తుందో ముందు చూసుకో. వీలైతే బండి ముక్కు గాలికి ఎదురుగా ఆపు, లేదా ఎలివేటర్ గోడ చాటుకి, బిన్ చాటుకి తీసుకెళ్లి అక్కడ చుట్టు. క్రాంక్ రెండు చేతులతో పట్టుకో, మొహం దాని తిరిగే దారిలో పెట్టొద్దు. సగంలో చెయ్యి వదిలేస్తే టార్ప్ బరువుకి అది గిర్రున వెనక్కి తిరిగి దవడ పగలగొడుతుంది, చూశాను నేను. కాన్సస్ గాలికి మగవాళ్ల చేతుల్లోంచి కూడా లాక్కుపోయింది. మరీ ఎక్కువ ఉంటే తెరవనే తెరవకు, కిటికీ దగ్గర చెప్పి కాసేపు ఆగు. కింద నిలబడే చుట్టు, టార్ప్ మడత పడిందని ట్రైలర్ అంచు మీదికి ఎక్కి నడవొద్దు. రోజూ తిప్పేటప్పుడు బరువుగా అనిపిస్తుంటే తప్పు నీ చేతులది కాకపోవచ్చు. స్ప్రింగో, కేబులో సడలి ఉంటుంది, షాపులో చూపించమని గట్టిగా అడుగు.

ఇంకో సంగతి, లోడింగ్ దగ్గర కరెంటు తీగలు. ఆగర్ పైకి లేపేటప్పుడు తీగల వైపు నువ్వూ ఒక కన్నేసి ఉంచు, అది రైతు పనే అయినా సరే.

కోత కాలంలో గంటల లెక్క ఉండదని అంటున్నారు, నిజమేనా? (ఇండియానా)

సగం నిజం. మామూలు నియమం ప్రకారం డ్యూటీ ఎక్కిన 14 గంటల్లో 11 గంటలకి మించి నడపకూడదు. ధాన్యం ఎక్కించిన చోటు నుంచి 150 ఎయిర్ మైళ్ల లోపల, మీ రాష్ట్రం ప్రకటించిన నాట్లు, కోతల కాలంలో ఆ లెక్క వర్తించదు. ఎయిర్ మైళ్లు అంటే మ్యాపు మీద నేరుగా గీత గీసినట్టు, మామూలు మైళ్లలో 172 పైన. ఆ గీత దాటితే గడియారం మొదలవుతుంది. అయితే నిద్ర వస్తున్న డ్రైవర్ బండి నడపకూడదన్న నియమానికి కోత కాలం మినహాయింపేమీ లేదు. కోత మొదలైన మూడో వారానికి అందరూ వరసలో స్టీరింగ్ మీద తల పెట్టి నిద్రపోతుంటారు. ఆ వరసలో దొరికే నిద్రని నమ్ముకుని రోజుకి పద్దెనిమిది గంటలు ఒప్పుకోవద్దు. ఫలానా టైముకి ఆపేస్తానని సీజన్ మొదట్లోనే చెప్పి పెట్టుకోండి, మధ్యలో చెప్తే ఎవరూ వినరు.

ట్రైలర్ కడగాలా, ఊడిస్తే చాలా? (విస్కాన్సిన్)

ఇంతకు ముందు ఏం తోలారన్నదాన్ని బట్టి. మొక్కజొన్న తర్వాత మొక్కజొన్న అయితే ఊడిస్తే చాలు. ఎరువు తోలినా, పిండి మిల్లుకి వెళ్లాలన్నా కడిగించి రసీదు దగ్గర పెట్టుకోండి, కిందటి మూడు లోడ్లు ఏంటని అడుగుతారు, ఉన్నదున్నట్టు చెప్పండి. మందు పట్టించిన విత్తనం విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. అది గులాబీ, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఉంటుంది. ఏప్రిల్‌లో విత్తనాలు తోలిన ట్రైలర్ మూలలో, టార్ప్ మడతలో మిగిలిన గుప్పెడు గింజలు సెప్టెంబర్‌లో మంచి ధాన్యంలో కలిస్తే ప్రోబ్‌లో బయటపడతాయి, లోడు మొత్తం తిప్పి పంపుతారు. అద్దెకి తెచ్చుకున్న ట్రైలర్ అయితే మొదటి రోజే మూలమూలా ఊడవండి.

కోతలు అయిపోయాక పని ఉంటుందా? (మిస్సోరి)

ఉంటుంది, కానీ ఒకేలా ఉండదు. చాలామంది రైతులు పన్నుల లెక్క చూసుకుని ధాన్యం బిన్‌లో ఉంచి జనవరిలో అమ్ముతారు, కాబట్టి చలికాలం బండ్లు తిరుగుతాయి. ఇథనాల్ ప్లాంట్‌లు, దాణా మిల్లులు ఏడాదంతా కొంటాయి. వసంతంలో మంచు కరిగేటప్పుడు ఉత్తర రాష్ట్రాల్లో చిన్న రోడ్ల మీద బరువు తగ్గించేస్తారు, అప్పుడు సగం లోడ్లతో తిరగాల్సి వస్తుంది. మైలుకి ఇస్తారా, బుషెల్‌కి ఇస్తారా, లోడులో శాతమా అన్నది చేరకముందే అడగండి. మైలు లెక్క అయితే వరసలో నిలబడ్డ నాలుగు గంటలకి ఏమిస్తారో కూడా అడిగి కాగితం మీద రాయించుకోండి. నా అభిప్రాయంలో ఈ పనికి మైలు లెక్క ఒక్కటే సరిపోదు.

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. కోతలు చూపించడానికి ఒక శనివారం బండిలో తీసుకెళ్దామని ఉంది. (ఒహాయో)

కంపెనీ బండి అయితే రాతపూర్వకంగా అనుమతి ఉండాలి, అది ఫెడరల్ నియమం. అనుమతి దొరికితే తీసుకెళ్లండి, కంబైన్ పక్కన నడుస్తున్న కార్ట్‌లోంచి గింజ ధారగా పడటం వాడు పెద్దయ్యాక కూడా మర్చిపోడు. కానీ సీటు బెల్టుతో క్యాబ్‌లోనే ఉండాలి. పిట్ దగ్గర, ఆగర్ దగ్గర కిందికి దిగకూడదు, ధాన్యం నిండిన ట్రైలర్‌లోకి ఎక్కి ఆడుకోకూడదు. పిల్లలకి అది ఇసుక కుప్పలా కనిపిస్తుంది, పైన చెప్పిన అరనిమిషం వాళ్ల విషయంలో ఇంకా తక్కువ. బయల్దేరేముందు రాత్రే ఈ సంగతి వాడికి అర్థమయ్యేలా చెప్పండి, అక్కడికి వెళ్లాక కేకలేస్తే చప్పుడులో వినపడదు. మీరు దిగి క్రాంక్ తిప్పుతున్నంతసేపూ వాడు కిటికీలోంచి మీకు కనపడుతూ ఉండాలి, కనపడకపోతే ట్రాప్ మూసేసి ముందు వాడెక్కడున్నాడో చూడండి.

బండిలో ఏమేం పెట్టుకోవాలి? ఒక్క ముక్కలో చెప్పండి. (నార్త్ డకోటా)

చీపురు, పార, రబ్బరు సుత్తి, మంచి టార్చి, తోలు గ్లౌజులు, దుమ్ము మాస్కు. మాస్కు కచ్చితంగా వాడండి, పాత సోయా దుమ్ము ఒక్క రోజుకే గొంతు పట్టేస్తుంది. ఆ దుమ్ముకి నిప్పు తగిలితే పేలుతుంది కూడా, పిట్ దగ్గర సిగరెట్, లైటర్ బయటికి తీయొద్దు. చాలా ప్లాంట్‌లు హెల్మెట్, మెరిసే చొక్కా, కళ్లద్దాలు లేకుండా గేటు దాటనివ్వవు. టార్ప్ కట్టడానికి నాలుగు రబ్బరు పట్టీలు. ఒక నోట్‌బుక్, పెన్ను. ఇంకా, ట్రాప్ తిప్పే క్రాంక్ ఒకటి అదనంగా పెట్టుకోండి, ఉన్నదాన్ని ఏదో ఒక పిట్ దగ్గర గోడకి ఆనించి మర్చిపోయి నలభై మైళ్లు వెళ్లాక గుర్తుకొస్తుంది.